గంటసేపు కొళాయి తిప్పకూడదు

మూడింటికి నీళ్ళ మీటరు చూశాను. 1847, చుక్క, 326. చుక్క తర్వాతున్న మూడంకెలూ లీటర్లని కౌన్సిల్ ఆఫీసు పిల్ల ఫోన్లో రెండుసార్లు చెప్పింది, చక్కెర మిల్లు లేబొరేటరీలో ముప్ఫై ఏళ్ళుగా అంకెలు చదువుతున్న నాకు. ఇంట్లో కొళాయిలన్నీ కట్టేయండి, గంటసేపు ఏదీ తిప్పకండి, టాయిలెట్ కూడా వద్దు, తర్వాత మళ్ళీ చూడండి, అంకె మారితే భూమిలో ఎక్కడో పైపు పగిలినట్టే అంది. సరే అన్నాను. వంటింట్లో చూశాను, తోట కొళాయి బిగించాను, బట్టల మెషీను ప్లగ్గు పీకేశాను. స్నానాలగది తలుపు మాత్రం తియ్యలేదు. అందులో కొళాయి నాలుగు నెలల నుంచీ కట్టే ఉంది. నేను వెనక బట్టలుతికే గదిలో బకెట్టు పెట్టుకుని పోసుకుంటున్నాను, ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. గేటు పక్కన గడ్డిలో మీటరు గుంట. మూత ఎత్తితే నా అరచెయ్యంత గోదురుకప్ప ఒకటి గోడకి ఆనుకుని, నేనే దాని ఇంటికి వచ్చినట్టు చూసింది. దాన్ని కదపలేదు. బూడిదరంగు చిన్న కిటికీలో నల్లటి అంకెలు, పక్కనే నీటిచుక్క బొమ్మ మినుకుమినుకుమంటోంది. ఆ చుక్క మినుకుతోందంటే ఎవరూ వాడకపోయినా నీళ్ళు ఎటో పోతున్నాయని అర్థం. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని తురాయి చెట్టు కింద వేసుకుని కూర్చున్నాను. నాలుగింటికి మా మరిది నాజు పార పట్టుకుని వస్తానన్నాడు. కూర్చున్నాక గుర్తొచ్చింది, తాగడానికి సీసాలో నీళ్ళు పట్టుకోలేదని.

డిసెంబరంటే ఇక్కడ నడివేసవి, మెకాయ్ ఎండ పైనుంచి కాదు, నేలలోంచి వస్తుంది. వానలు ఇంకా పడలేదు. చెరకు నరికేసిన చేలు చుట్టూ బోడిగా ఉన్నాయి, మిల్లు ఆడటం ఆగిపోయి మూడు వారాలైంది, ఆ మడ్డి వాసన లేకపోతే గాలికి ఏదో జబ్బు చేసినట్టుంటుంది నాకు. నాలుక అంగిట్లో అంటుకుంటోంది. లేచి వెళ్ళి ఒక గ్లాసు పట్టుకుంటే ఏమైంది, పావు లీటరు, చివరి అంకె కూడా కదలదు. కానీ లేవలేదు. గంటసేపు నీళ్ళు లేకపోతే మనిషికి ఎలా ఉంటుందో చూద్దామని, ఒక్క గంటేగా, నీడలో, కుర్చీలో, రెండు కాళ్ళూ పనిచేస్తూ ఉండగా. మా ఆయన వెంజుకి ఎడమ కాలు పనిచేసేది కాదు. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి రెండేళ్ళు ఆ కాలుని తనది కాని సామానులాగా ఈడ్చుకుని తిరిగాడు. ముప్ఫై ఏళ్ళు చెరకు రైలు నడిపిన మనిషి, వంతెన మీద ఇంజను ఆపి కింద చేపలు పట్టేవాళ్ళతో కబుర్లు చెప్పి మిల్లు మేనేజరు చేత తిట్లు తిన్న మనిషి, సోఫా నుంచి టాయిలెట్ దాకా వెళ్ళడానికి గోడలు పట్టుకునేవాడు. మాట కూడా సగం లోపలే ఉండిపోయేది. నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు.

చూడకుండా ఉండాల్సింది. నిన్న పొద్దున ఆ పిల్ల, లీకు ఎప్పటి నుంచో మీరే చూసుకోవచ్చు, ఇది డిజిటల్ మీటరు కదా, గంటగంటకీ లెక్క పంపుతుంది, మీ ఫోన్లోనే కనిపిస్తుంది అంది. తెరిచాను. నీలం గీతలు, గంటకొకటి, పొట్టివి, పొడుగువి. వేలితో వెనక్కి జరుపుకుంటూ పోయాను. నవంబరు, అక్టోబరు. నా బతుకంతా అందులో ఉంది. సోమవారం పొద్దున పొడుగు గీత బట్టలు ఉతికినందుకు, అర్ధరాత్రి పొట్టి గీత నిద్ర పట్టక టీ పెట్టుకున్నందుకు. సెప్టెంబరు పందొమ్మిదిన లీకు మొదలైంది, అక్కడ ఆగిపోవచ్చు, నాకు కావలసింది దొరికింది. వేలు ఆగలేదు. ఆగస్టు ఆఖరు, ఆ వారమంతా ఇంటినిండా చుట్టాలు, గీతలు చెరకుతోటలాగా ఒకదాని పక్కన ఒకటి. దానికి ముందు ఆగస్టు పద్నాలుగు. సాంత మరీయ, అంటే మేరీమాత పండుగ ముందురోజు, గురువారం. వేలు అక్కడ ఆగింది.

పండుగకి గడ్డం గీసుకుని స్నానం చేస్తానన్నాడు వెంజు. రేపు పొద్దున నేనుంటాను కదా, రేపు చెయ్యి అన్నాను. రేపు చర్చి, ఇవాళే అన్నాడు. అయితే ఇది మెడలో వేసుకో అని ఆ బటన్ తెచ్చాను. తాడుకి వేలాడే తెల్ల బటన్, పడిపోతే నొక్కితే చాలు, అంబులెన్సు వాళ్ళకి తెలుస్తుంది. తను అన్న సగం సగం మాటల్ని నేను పూరించుకుంటే ఇలా ఉంటాయి.

"ఆవుకి కట్టినట్టు గంట కడతావేంటే నాకు?"

"ఆవైతే చెప్పిన మాట వింటుంది."

"నన్ను కాపలా కాయడం నీకు సరదా అయిపోయింది జోసెట్. నేను కుదురుగా నడిస్తే నీకేం తోచదు."

ఆ మాటకి నా ఒళ్ళు మండింది. రెండేళ్ళుగా అతని గోళ్ళు తీసి, మందులు పంచి, పైజామా బొత్తాలు పెట్టి, మిల్లులో షిఫ్టులు మార్పించుకుని, మధ్యాహ్నం అరగంట విరామంలో పది నిమిషాలు కారు తోలుకుని వచ్చి సూపు వేడిచేసి పెట్టి మళ్ళీ పది నిమిషాలు తోలుకుని వెళ్ళిన దాన్ని. తనకి తెలియదని కాదు. తెలిసే అన్నాడు, నొప్పి పుట్టాలనే అన్నాడు, నాకూ అలాగే అనాలనిపించింది. బటన్‌ని వంటింటి మేకుకి తగిలించి, తాళాలు తీసుకుని, తలుపు దగ్గర నిలబడి, తొందరేం లేకుండా, ప్రతి మాటా వినబడేలా అన్నాను.

"సరే. పడితే నువ్వే లే. నేను రాను."

రాలేదు. ఆ మధ్యాహ్నం వెళ్ళలేదు. మిల్లు ఆడే రోజులు, లేబొరేటరీ అంతా తియ్యటి ఆవిరి, పన్నెండింటికి సైరన్ కొట్టగానే అలవాటుగా చెయ్యి తాళాల మీదకి వెళ్ళింది, వెనక్కి తీసుకున్నాను. నా పక్కన పనిచేసే బెవ్ చూసింది. "ఏంటి తల్లీ, ఇవాళ మీ ఆయన్ని పస్తు పెట్టావా?" అంది. "ఒక్కరోజు సూపు తనే వేడి చేసుకుంటే చచ్చిపోడులే" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కేంటీన్లో మాంసం కూరిన రొట్టె తిన్నాను, టమాటా సాస్ కారి జాకెట్టు మీద పడితే బెవ్ తుడిచింది, దాని మనవడి కథేదో చెప్పింది, దానికీ నవ్వాను. రెండేళ్ళలో కూర్చుని మొత్తం అరగంటా తిన్న మధ్యాహ్నం అదొక్కటే. బావుంది. అదే చెప్పుకోలేనిది. ఆ రోజు నాకు చాలా బావుంది.

అయిదింటికి వచ్చేసరికి వెనక మెట్టు మీద ప్లాస్టిక్ సంచీలో రొయ్యలు, రెండు కిలోలుంటాయి, ఎండకి కుళ్ళు వాసన, చీమలు. నాజు వచ్చి వెళ్ళాడన్నమాట. బీచికెళ్ళి రొయ్యలు పట్టి తెచ్చేవాళ్ళు మా వాళ్ళలో ఇంకెవరూ లేరు. అన్నదమ్ములకి అప్పటికి రెండేళ్ళకి పైగా మాటల్లేవు. వాళ్ళ నాన్న చేత్తో చేసిన పడవని నాజు అడక్కుండా అమ్మేశాడు. కుళ్ళిపోయింది అన్నా, వానకి మట్టైపోతుంది, అందుకే ఇచ్చేశాను అన్నాడు. వెంజు ఆ రోజు నుంచీ తమ్ముడి పేరు ఇంట్లో ఎత్తలేదు. ఎత్తలేదని బయటివాళ్ళు అనుకున్నారు. పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాజు వరండాలో నాలుగు గంటలు నిలబడి లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. పండుగకి రాజీ పడదామని వచ్చి ఉంటాడు, ఈ మొండివాడు తలుపు తియ్యలేదేమో అనుకుని, ఆ సంచీ దాటుకుని లోపలికి వెళ్ళాను. పిలిచాను. కోపం ఇంకా తగ్గలేదని పిలుపులో తెలిసేలాగే పిలిచాను. పలకలేదు. పలక్కపోతే పో అనుకుని ముందు వంటింట్లో చేతులు కడుక్కున్నాను, వేడినీళ్ళ కొళాయి తిప్పితే చన్నీళ్ళు వచ్చాయి, హీటరు పాడైందేమో అనుకున్నాను. అప్పుడు స్నానాలగది తలుపు తీశాను.

తొట్టిలో పక్కకి తిరిగి ఉన్నాడు. కొళాయి కట్టి ఉంది. డాక్టరు మా కుటుంబాన్ని ఎరిగిన మనిషి, నా భుజం మీద చెయ్యి వేసి, గుండె ఆగింది, స్నానం అయ్యాక లేవబోయి ఉంటాడు, కింద పడేలోపే పోయుంటాడమ్మా, ఏమీ తెలిసి ఉండదు అన్నాడు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని నాలుగు నెలలు బతికాను. చర్చిలో చెప్పాను, చుట్టాలకి చెప్పాను, మెల్బోర్న్ నుంచి వచ్చిన ఆడపడుచుకి చెప్పాను, ఏమీ తెలియలేదట, అదృష్టవంతుడు. పొద్దున్నే పోయినవాడికి మధ్యాహ్నం నేను వస్తే ఎంత, రాకపోతే ఎంత. ఇలా లెక్క సరిపోయింది.

ఆగస్టు పద్నాలుగు. తొమ్మిది నుంచి పది: 410 లీటర్లు. పది నుంచి పదకొండు: 540. పదకొండు నుంచి పన్నెండు: 540. మా షవరు నిమిషానికి తొమ్మిది లీటర్లు పోస్తుంది, దాన్ని బిగించింది నేనే. పన్నెండు నుంచి ఒంటిగంట: 190. అంటే పన్నెండూ ఇరవై ప్రాంతంలో ఎవరో కట్టారు. ఎవరో ఏమిటి. వేడినీళ్ళు పదింటికల్లా అయిపోయి ఉంటాయి, మా హీటరు మళ్ళీ రాత్రికిగానీ కాచదు, ఆగస్టు ఇక్కడ చలికాలం, తర్వాత రెండు గంటలకి పైగా పైనుంచి చన్నీళ్ళు పడుతూ ఉంటే, పనిచేసే ఒక్క కాలుతో, ఒక్క చేత్తో, జారే తొట్టిలో అంగుళం అంగుళం జరుగుతూ కొళాయి దగ్గరికి చేరుకోవడానికి మూడు గంటలు పట్టింది. చేరుకున్నాడు. కట్టాడు. ఒంటిగంట నుంచి రెండు: సున్నా. రెండు నుంచి మూడు: 2 లీటర్లు. మూడు నుంచి నాలుగు: 1. ఆ రెండు పొట్టి గీతలనీ మొదట లీకనుకున్నాను. లీకు సెప్టెంబరులో కదా. అవి ఏమిటో నాకు రాత్రి పక్క మీద పడుకున్నాక తెలిసింది. దాహం వేసింది. తొట్టి కొళాయి తిప్పి తాగాడు, మళ్ళీ కట్టేశాడు, నీళ్ళు వృథా చేస్తే నేను అరుస్తానని కట్టేశాడు. నాలుగు తర్వాత సున్నాలు. అయిదు దాటాక 6 లీటర్లు. అది నేను, చేతులు కడుక్కున్నది.

మూడూ నలభై. గొంతు ఎండిపోయింది. లేచి గుంటలోకి వంగి చూస్తే చివరి మూడంకెలూ 328 అయ్యాయి. రెండు. సరిగ్గా రెండు లీటర్లు నలభై నిమిషాల్లో, ఎవరూ తాగకుండా, మట్టిలోకి. ఎవరికి చెప్పాలి. బెవ్‌కి చెబితే ఏడుస్తుంది, నీ తప్పేముందే అంటుంది, ఆ రోజు తనూ నవ్వింది కాబట్టి. ఫాదర్‌కి చెబితే క్షమాపణ ఇస్తాడు, ఆయన దగ్గర అది ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, కానీ నన్ను క్షమించాల్సింది ఆయన కాదు. నాజుకి చెబితే. ఆ రోజు పన్నెండు దాటాక వచ్చానని సమాధుల దగ్గర ఒక్క ముక్క అన్నాడు, తలుపు కొట్టి కొట్టి వెళ్ళిపోయానని. అప్పటికే పోయాడులే నాజూ, మూడు గంటలైంది అన్నాను. నా రెండు చేతులూ పట్టుకుని ఎంత ఏడ్చాడు. అప్పట్నుంచి ప్రతి శనివారం వచ్చి గడ్డి కోస్తాడు, గట్టర్లు కడుగుతాడు, చెప్పకుండానే వస్తాడు, చెప్పకుండానే పోతాడు. వాడికి చెబితే నా బరువు సగం తగ్గుతుంది. ఆ సగం ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. చెప్పను. ఆ పేజీ ఎవరూ చూడరు. రెండేళ్ళు దాటితే పాత లెక్కలు చెరిపేస్తారట, ఆ పిల్లే చెప్పింది. రెండేళ్ళు నోరు మూసుకుంటే చాలు, ఆ తర్వాత అది నేను చెబితే తప్ప ఎక్కడా లేనట్టే.

నాజు ట్రక్కు గేటు ముందు ఆగినప్పుడు నాలుగుకి రెండు నిమిషాలుంది. పార, గడ్డపార దించాడు, టోపీ తీసి తల గోక్కున్నాడు. అరవై దాటినా నడకలో ఇంకా చిన్న తమ్ముడే.

"ఎంత కదిలింది వదినా?"

"330. గంటకి నాలుగు లీటర్లు."

"అయితే సన్న పగులే. అదిగో చూడు, మిగతా గడ్డంతా ఎండిపోతే అక్కడ మాత్రం పచ్చగా నవ్వుతోంది. అదే." నాలుగడుగులు కొలుచుకుంటూ వెళ్ళి గుర్తు పెట్టాడు. "ముందు కాసిన్ని మంచినీళ్ళియ్యి. నువ్వూ తాగు, మొహం పీక్కుపోయింది."

రెండు గ్లాసులు తెచ్చాను. ఇద్దరం నిలబడే తాగాం. తను ఇంకా తవ్వడం మొదలుపెట్టలేదు. పార మీద రెండు చేతులూ ఆనించి నేలకేసి చూస్తున్నాడు.

"వదినా, ఒకటి అడుగుతాను. డాక్టరు ఏమన్నాడు? వెంటనే పోయాడనేగా?"

"అవును."

"పొద్దున్నే."

"తొమ్మిదిన్నర లోపేనట."

తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

"మరి కొళాయి కట్టిందెవరు?"

గ్లాసులో మిగిలిన నీళ్ళు గడ్డిలో పోశాను.

"నేనొచ్చేసరికి లోపల నీళ్ళు పడుతున్నాయి వదినా. షవరు చప్పుడు. స్నానం చేస్తున్నాడు, అయ్యాక వస్తాడులే అని మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి ఆగింది. నేనుండగానే ఆగింది. హమ్మయ్య అని లేచి, సంచీ చేత్తో పట్టుకుని, తల దువ్వుకుని నిలబడ్డాను, నవ్వకు, తల దువ్వుకున్నాను. రాలేదు. తలుపు కొట్టాను. అన్నా, నేను, నాజుని అన్నాను. అప్పుడు లోపల నుంచి ఆ... ఊ... అని గట్టిగా అరిచాడు. మళ్ళీ మళ్ళీ. చిన్నప్పట్నుంచీ అంతేగా, కోపం వస్తే మాట కన్నా అరుపు ముందు. పొమ్మంటున్నాడనుకున్నాను. నీ పీడా పోయే, చచ్చేదాకా ఇంతేనా అని రొయ్యలు అక్కడ పడేసి పోయాను. పబ్బుకెళ్ళాను. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని అందరి ముందూ నిన్ను, మీ ఆయన్ని తిట్టాను. నాలుగు నెలల నుంచి నువ్వు తొమ్మిది అంటున్నావు, నేను సరే అంటున్నాను."

పక్షవాతం వచ్చాక వెంజుకి కొన్ని అక్షరాలు పోయాయి. ముందు పోయింది 'న'. తమ్ముడి పేరు ఇంట్లో ఎత్తలేదని బయటివాళ్ళు అనుకున్నది అందుకే. ఎత్తేవాడు. టీవీలో పడవలు కనిపిస్తే ఎత్తేవాడు, వాన వస్తే ఎత్తేవాడు. ఆజూ, ఆజూ అనేవాడు. నోరు బాగా అలిసిపోయినప్పుడు ఆ 'జ' కూడా లోపలే ఉండిపోయి ఆ... ఊ... అని మిగిలేది. ఇది ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. నాజు నా మొహం చూస్తున్నాడు, అందులో ఏదో వెతుకుతున్నాడు. నేను ఫోను తీసి ఆ పేజీ తెరిచి చేతికిచ్చాను. ఇంకేమీ ఇవ్వలేక అదిచ్చాను.

కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. పన్నెండు గంటల గీత మీద వేలు పెట్టాడు, తీశాడు.

"ఈ చిన్నవి రెండూ ఏంటి?"

"తాగాడు."

గడ్డిలో కూలబడ్డాడు. నేనూ కుర్చీలో కూర్చోలేక పక్కనే కింద కూర్చున్నాను. పడితే నువ్వే లే, నేను రాను అని చెప్పి వెళ్ళాను నాజూ, అన్నాను. మధ్యాహ్నం కావాలనే రాలేదు, కేంటీన్లో తిన్నాను, నవ్వాను. మొదటిసారి పైకి అన్నాను, ఇన్నాళ్ళూ నాలో నేను విన్నదానికన్నా అది చిన్న వాక్యంలా ఉంది. నీ తప్పు కాదు వదినా అని తను అనలేదు. నేనూ అనలేదు. రోడ్డు మీద ఎవరో కారులో పోతూ చెయ్యి ఊపితే ఇద్దరం చెయ్యి ఊపాం.

కాసేపటికి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచాడు.

"వదినా, నువ్వెళ్ళి ఆ వెనక మెట్టు మీద నిలబడు. నేను ఆ తొట్టిలో పడుకుని, నీళ్ళు వదిలి, కట్టి, పిలుస్తాను. నాకు సరిగ్గా వినబడిందో లేదో తెలియాలి. మాటలు తెలుస్తాయో, ఉత్త చప్పుడే వస్తుందో."

"వద్దు నాజూ."

"నువ్వు నిలబడు."

నేను తియ్యని తలుపు తను తీశాడు. మెట్టు మీద నిలబడ్డాను, తను నిలబడ్డ చోటే, తలుపుకి మూరెడు దూరంలో. స్నానాలగది కిటికీ పలకలు నెత్తి మీదే, ఎప్పుడూ తెరిచి ఉండేవే. నీళ్ళు పడ్డాయి. నీళ్ళ చప్పుడులోంచి వదినా అన్న పిలుపు వచ్చింది, నా పక్కన నిలబడి పిలిచినట్టు. నీళ్ళు ఆగాయి. వదినా, వినబడుతోందా, వదినా. తర్వాత ఏమీ లేదు. తర్వాత, నాకోసం కాదు, ఎవరికీ వినబడాలని కాదు, తనలో తను అనుకున్నంత మెల్లిగా, అన్నా అన్నాడు. అది కూడా వినబడింది.

బట్టలతోనే తడిసిపోయి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చొక్కా నుంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి.

"తెలిసిందా?"

"లేదు" అన్నాను. "ఉత్త చప్పుడే నాజూ. మాటలేవీ తెలియలేదు."

నా కళ్ళలోకి చూశాడు. నమ్మాడో, నమ్మినట్టు ఉండటానికి ఒప్పుకున్నాడో నాకు తెలియదు. సరే వదినా అని, తడి బూట్లతోనే నన్ను దాటుకుని వెళ్ళి తవ్వడం మొదలుపెట్టాడు.